శీలసామ్యమా, వ్యసనసామ్యమా?

గుంటూరులో బి.కాం. చదివి, హైదరాబాదులోని ఒక వ్యాపారసంస్థలో లెక్కలు చూసే ఉద్యోగంలో చేరిన యువకుడొకడు రెండేళ్ళు నిండకుండానే దానిని వదులుకున్నాడు. సరకు రాకుండానే వచ్చినట్లు బిల్లులు చూపి జీఎస్టీలో ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ వాడుకోవాలని యాజమాన్యం ఆదేశం. చట్టరీత్యా అది నేరం. అతని దృష్టిలో అంతకుముందే అధర్మం. అప్పటినుండి ఏ ఇంటర్వ్యూకు వెళ్ళినా ప్రశ్న ఒక్కటే: "అక్కడ ఎందుకు మానేశారు?" నిజం చెబితే కలహశీలి అనుకుంటారనీ, తల్లికి అనారోగ్యమని చెప్పుకొమ్మనీ మిత్రుల హితవు. ఆ తల్లి నిక్షేపంగా ఉన్నది.

'మన విలువలకు సరిపడే మనిషి కావాలి' అన్న మాట నియామకాలలో ఈనాడు విరివిగా వినిపిస్తున్నది. ఆ అన్వేషణ ప్రాచీనమైనదే. కౌటిల్యుని అర్థశాస్త్రం ప్రథమాధికరణం 8వ అధ్యాయంలో, అమాత్యులుగా ఎవరిని గ్రహించాలన్న విషయంపై పూర్వాచార్యుల వాదప్రతివాదాలున్నాయి. సహాధ్యాయులను నియమించుకోవాలని భారద్వాజుని మతం. వారి శుచిత్వం, సామర్థ్యం రాజుకు ముందే తెలుసు. విశాలాక్షుడు దానిని అంగీకరించడు. కలిసి ఆడుకున్నవాడు రాజును చులకనగా చూస్తాడు గనుక, రాజుతో సమానమైన శీలవ్యసనాలు గలవారే తగినవారంటాడు. తమ మర్మం రాజుకు తెలుసునన్న భయంతో వారు అపరాధం చేయరట. పరాశరుడు వెంటనే ఆ వాదాన్ని తిరగవేస్తాడు: మర్మం ఇరువైపులా ఉన్నప్పుడు భయమూ ఇరువైపులా ఉంటుంది, ఆ భయంతో రాజే వారికి వశుడవుతాడు.

ఈ ఖండనలోని సూక్ష్మత గమనించదగినది. శీలాన్నీ వ్యసనాన్నీ విశాలాక్షుడు ఒకే త్రాసులో ఉంచాడు. లోకంలో జరుగుతున్నదీ తరచుగా అదే. దొంగబిల్లులు వ్రాయమన్న యాజమాన్యం కూడా సమానధర్మునే వెదికింది! 'మనవాడు' అనే తెలుగు మాటలో కులం, జిల్లా, కళాశాల ఎంత సులువుగా దూరిపోతాయో చెప్పనక్కరలేదు. ఆ సామ్యంలో విలువల ప్రసక్తి అసలే ఉండదు. అన్ని మతాలనూ విన్న కౌటిల్యుడు ప్రతిదానిలోనూ యుక్తి ఉందంటూనే, పురుషుని సామర్థ్యాన్ని అతని కార్యసామర్థ్యం చేతనే నిర్ణయించాలంటాడు.

శీలాన్ని పరీక్షించడానికి 10వ అధ్యాయంలో ధర్మ, అర్థ, కామ, భయ రూపమైన నాలుగు ఉపధలను చెప్పాడు. అర్థోపధలో శుద్ధుడని తేలినవానికి ఆదాయ, కోశ సంబంధమైన పనులు అప్పగించాలి. ఐతే నిర్మలమైన నీటిలో విషం కలిపినట్లు నిర్దోషిని దూషితుణ్ణి చేయరాదన్న హెచ్చరిక కూడా అక్కడే ఉన్నది. ఈ హెచ్చరికను నేటి పరీక్షకులు చదివి ఉంటే బాగుండేది. ఒక ఇంటర్వ్యూలో ఆ యువకుణ్ణి, "మేమూ ఒక్కసారి అలా అడిగితే?" అన్నారు. అది పరీక్షో ప్రార్థనో అతనికి బోధపడలేదు. చేయనన్నాడు. పిలుపు రాలేదు.

ఛాందోగ్యోపనిషత్తు చతుర్థాధ్యాయంలోని సత్యకాముడు, గోత్రమేమని హారిద్రుమత గౌతముడు అడిగితే, తల్లి జబాల చెప్పినదంతా దాచకుండా విన్నవించాడు. సత్యం నుండి తొలగలేదన్న ఒక్క కారణంతో గురువు ఉపనయనానికి అంగీకరించి, బక్కచిక్కిన 400 గోవులను అప్పగించాడు. అవి 1000 కానిదే తిరిగిరానని శిష్యుడు బయలుదేరాడు. బాలుని సత్యనిష్ఠను అందరూ కొనియాడుతారు. ఆ సత్యాన్ని యోగ్యతగా గుర్తించగల గౌతముడు ఎదుట కూర్చుని ఉండడం కూడా ఆ కథలో సగభాగమని ఎందుకో స్మరించరు. ఎదుట మరొకడుంటే అదే సమాధానానికి ద్వారం మూసుకునేది. ఉద్యోగాన్వేషి పరీక్షింపబడుతూనే పరీక్షిస్తున్నాడు కూడా. నిజం విన్న ముఖం ఎలా మారిందో చూడడమే అతని ఉపధ.

నాలుగవ నెలలో ఒక ధాన్యవర్తకుడు అతని సమాధానమంతా విని, ఎన్ని లక్షల బిల్లులో అడిగి, కాసేపు మౌనంగా ఉండి, "సోమవారం రండి" అన్నాడు. జీతం పాతదానికన్నా తక్కువ. సోమవారం అతడు మొట్టమొదట అడిగి తెప్పించుకున్నది సరకు రసీదుల దస్త్రం.