మీ ఆయన పారేసిన బ్లేడు

ఎండాకాలం వచ్చిందంటే మా గోదావరిఖనిలో ఓపీకి వచ్చే ఆడవాళ్లలో కొందరు ఒక చెయ్యి ఒంటికి ఆనించకుండా, రెక్క దెబ్బతిన్న కోడిలా ఎడంగా పట్టుకుని నడుస్తుంటారు. ఆ నడక చూస్తేనే నాకు రోగం తెలిసిపోతుంది. కానీ అసలు సంగతి వాళ్ల నోటి నుంచి రావడానికి మాత్రం పావుగంట పడుతుంది.

ఒక మే నెలలో యైటింక్లయిన్ కాలనీ నుంచి ఒకామె వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. భర్త బాయి పనికి పోతాడు.

"చంకల గడ్డ లేసిందమ్మా. చెయ్యి దించ వస్తలేదు" అంది.

"ఎన్ని రోజులైంది?"

"నాలుగొద్దులు."

"బ్లేడు గిట్ల పెట్టినవా బిడ్డా?"

"లే... ఏం పెట్టలే."

తెర లాగి చూశాను. నిమ్మకాయంత సెగగడ్డ. దాని పక్కనే నాలుగైదు సన్నని గీతలు, ఎండి నల్లబడ్డ నెత్తురుతో. మనిషి దాచినా చర్మం దాచదు కదా! నేనేమీ అనలేదు. చీము తీయడానికి సామాను సర్దుతుంటే ఆమే మెల్లగా చెప్పింది. భర్త గడ్డం గీసుకుని పారేసిన బ్లేడు. దాన్ని మధ్యకి విరిచి, ఒక ముక్క వేళ్లతో పట్టుకుని, తెల్లవారుజామున అత్తగారు లేవకముందే స్నానాల గదిలో గడియ పెట్టుకుని గీసుకుంది. సబ్బు లేదు, నీళ్లు లేవు.

"నీళ్లన్నా పెట్టుకోవద్దా?" అన్నాను.

"నీళ్ల సప్పుడైతే అత్తమ్మ లేస్తదమ్మా."

అమ్మా, ఇది చదువుతున్న మీరు బొగ్గు బావుల పక్కనే వుండనక్కరలేదు. గుంటూరులోనో, హైదరాబాదులోనో వుండవచ్చు. అయినా ఆ అర ముక్క బ్లేడు మీకు తెలియదని నేననుకోను. కొందరిళ్లలో అది సబ్బుపెట్టె అడుగున వుంటుంది, కొందరిళ్లలో వెంటిలేటరు మీద వుంటుంది. ఇంట్లో మగవాడి గడ్డం సామానుకు అద్దం ముందు చోటుంది. బ్రష్షు, సబ్బు, రేజరు, ఆఖరికి పటిక బిళ్ల కూడా దర్జాగా కూర్చుంటాయి. అదే పని ఆడది చేసుకోవాలంటే దొంగతనంగా, ఆయన పారేసిన దానితో! ఈ దొంగతనంలోంచే గడ్డలు పుడుతున్నాయని నేను ఇన్నేళ్ల అనుభవంతో చెబుతున్నాను.

ఎలాగంటారా? వాడి పారేసిన బ్లేడు అంచు మొండిబారి వుంటుంది. అది వెంట్రుకను కోయదు, లాగుతుంది. పొడి చర్మం మీద లాగితే పైపొర లేచిపోతుంది, కంటికి కనిపించని గాట్లు పడతాయి. చంక ఎప్పుడూ చెమటతో తడిగా వుండే చోటు. అక్కడ సూక్ష్మక్రిములు మామూలుగానే కాపురం వుంటాయి. తలుపు మూసివున్నంత సేపూ వాటితో బాధ లేదు. గాటు పడితే తలుపు తెరిచినట్టే. మా రామగుండం ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. ఆ చెమటలో రెండు రోజులు చాలు, వెంట్రుక కుదుళ్లు చీము పట్టడానికి.

ఆ అమ్మాయికి ఇదే చెప్పాలనుకుని, "మీ ఇంటాయన నుదుటి మీద నీలం గీతలున్నయా?" అని అడిగాను. ఎందుకడుగుతున్నానో తెలియక, "ఉన్నయమ్మా, బొగ్గు పెళ్ల తగిలినప్పటియి" అంది. బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల ముఖాలమీద, చేతులమీద పచ్చబొట్టులాంటి ఆ గీతలు మీలో కొందరు చూసే వుంటారు. చిన్న గాయమైనప్పుడు అందులోకి బొగ్గుపొడి చేరుతుంది, పైన చర్మం మూసుకుంటుంది. ఆ పొడి ఇక లోపలే వుండిపోతుంది. "సన్న గాయంల నుంచి ఏం పోతదని అనుకోకు బిడ్డా. ఆయన గాయంలకు బొగ్గు పోయింది, నీ గాయంలకు క్రిములు పోయినయి" అన్నాను. అప్పుడామె ముఖంలో మొదటిసారి నవ్వు వచ్చింది.

అదలా వుంచి, ముందు ఒక మాట చెప్పుకోవాలి. వెంట్రుకలు మురికి కావు. చెమట వాసన వెంట్రుకల వల్ల పుట్టదు, చెమట మీద బతికే క్రిముల వల్ల పుడుతుంది. రోజూ సబ్బుతో శుభ్రంగా కడుక్కునే మనిషికి ఆరోగ్యం కోసమని గీసుకోవలసిన అవసరం ఏమాత్రం లేదు. ఆడవాళ్లు చంకలు గీసుకోవాలన్నది కూడా శాస్త్రం చెప్పిన మాట కాదు. సేఫ్టీ రేజరుకు 1904లో పేటెంటు తెచ్చుకున్న జిల్లెట్ కంపెనీ అమెరికాలో 1915లో స్త్రీల కోసమంటూ 'మిలేడీ డెకొల్తే' అనే రేజరు అమ్మకానికి పెట్టింది. చేతుల్లేని గౌన్లు అక్కడ వాడుకలోకి వస్తున్న రోజులవి. గౌను ముందు వచ్చింది, సిగ్గు తరువాత వచ్చింది, రేజరు అమ్ముడుపోయింది. అంచేత గీసుకోవడం మీ ఇష్టం, మానడం మీ ఇష్టం. గీసుకోదలిస్తే మాత్రం సరిగ్గా చేసుకోండి.

నా సంగతి చెబుతాను. హౌస్ సర్జన్సీ రోజుల్లో నేనొక పెద్ద ప్రసూతి వార్డులో పనిచేశాను. ఊరూ పేరూ ఎందుకు గాని, నొప్పులతో వచ్చిన ప్రతి తల్లికీ ముందు చేసే పని గీయడమే. ఆయమ్మ ఒక రేజరుతో వరసగా మంచాల వెంట వెళ్లేది. బ్లేడు ఎన్ని మంచాలకు ఒకసారి మారేదో అడగాలని అప్పుడు నాకు తోచలేదు. శుభ్రం కోసమే గదా అనుకునేదాన్ని. ఆ తరువాత నేనే కానుపుకు వెళ్లి అదే బల్ల మీద పడుకున్నాను. పొడి చర్మం మీద బ్లేడు గరగర. బిడ్డ పుట్టిన నొప్పి మర్నాటికి మరిచాను గాని, ఆ గాట్ల మంట, తరువాత మొలిచే వెంట్రుకల దురద మూడు వారాలు నన్ను కూర్చోనీయలేదు. డాక్టరునై వుండి కూడా ఎవరికీ చెప్పుకోలేదు సుమండీ! మరి మా యైటింక్లయిన్ అమ్మాయిని ఏమనగలను?

మామూలు కానుపుకు ముందు అలా గీయడం అలవాటుగా చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో స్పష్టంగా వుంది. ఆపరేషన్ల విషయంలో అంతకు ముందే, 2016లో చెప్పింది: వెంట్రుకలు తీయకండి, తప్పదనుకుంటే క్లిప్పరుతో కత్తిరించండి, బ్లేడు పెట్టవద్దు అని. బ్లేడు చేసే సన్న గాట్లే క్రిములకు దారి గనక. కాబట్టి నెలలు నిండిన తల్లులకు నా మనవి, "డాక్టరమ్మ ఏమనుకుంటుందో" అని ఆస్పత్రికి వచ్చే ముందురోజు కంగారుగా గీసుకోకండి. డాక్టరమ్మ ఏమీ అనుకోదు.

ఇక పద్ధతి. మావారు నాలుగైదు బ్లేళ్ల ప్లాస్టిక్ రేజర్లకు మారినప్పుడు ఆయన పాత లోహపు సేఫ్టీ రేజరు అలమరలో పడివుంది. దాన్ని బ్రష్షుతో తోమి, నీళ్లలో మరిగించి, కొత్త బ్లేడు వేసి నేను పుచ్చుకున్నాను. ఇప్పటికీ అదే. మూడు ముక్కల సామాను: పైన మూత, కింద అంచున్న పలక, పిడి. మధ్యలో బ్లేడు. బ్లేడును పొట్టి అంచులు పట్టుకుని వేయాలి. పదునైన పొడుగు వైపులు ముట్టుకోకండి. ఎక్కువ బ్లేళ్ల రేజరులో ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనక బ్లేడు చర్మం మట్టం కంటే కిందికి కోస్తుంది. ఆ మొన లోపలే వంకర తిరిగి పొక్కులు లేస్తాయి. చంకల్లో పదేపదే పొక్కులు లేచేవాళ్లకు ఒంటి బ్లేడు రేజరు మేలనిపించడం నా అనుభవం కూడా. పిడి ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వుంటుంది, తరువాత ఖర్చంతా బ్లేళ్లదే.

స్నానానికి ముందు కాదు, స్నానం చివర చేయండి. గోరువెచ్చని నీళ్లు నాలుగైదు నిమిషాలు తగిలితే వెంట్రుక మెత్తబడుతుంది. (మే నెలలో మాకు ఆ నీళ్లు కాచుకునే పని కూడా లేదు, ట్యాంకు నుంచి అలాగే వస్తాయి!) సబ్బు నురుగు బాగా పట్టించండి. ఎన్నాళ్లుగానో పెరిగిన జుట్టయితే ముందు చిన్న కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోండి. చెయ్యి తల వెనక్కి పెట్టుకుంటే చంక చర్మం బిగుతుగా వుంటుంది. అక్కడ వెంట్రుకలన్నీ ఒకే వైపు మొలవవు, పై సగం పైకి, కింది సగం కిందికి తిరిగి వుంటాయి. మొదట అద్దంలో చూసుకుని, మొలిచిన దిక్కునే చిన్నచిన్నగా గీయండి. రేజరును చర్మానికి కాస్త ఏటవాలుగా పట్టుకోండి. ముఖ్యమైన సంగతి, నొక్కకండి. లోహపు రేజరు బరువే దాని పని చేసుకుంటుంది. ప్లాస్టిక్ రేజరు అలవాటున్నవాళ్లు మొదటిరోజు నొక్కి తెగ్గోసుకుంటారు. సేఫ్టీ అన్న మాట మంగలి కత్తితో పోల్చి పెట్టిన పేరు, అంతే. ఒకే చోట మళ్లీ మళ్లీ తిప్పవద్దు. ఒకటి రెండు వెంట్రుకలు మిగిలితే మిగలనివ్వండి, వాటిని లెక్కపెట్టేవారెవరు?

తరువాత చన్నీళ్లతో కడిగి మెత్తని బట్టతో అద్దండి, రుద్దకండి. నిమ్మకాయ, సెంటు, పౌడరు ఆ పూటకు వద్దు. అందుకే రాత్రిపూట చేసుకొమ్మంటాను, తెల్లారి చెమట పట్టేసరికి చర్మం సర్దుకుంటుంది. బ్లేడు అయిదారు సార్లకు మించి వాడకండి. పట్టి లాగినట్టనిపిస్తే ఆ లెక్క కూడా చూడనక్కరలేదు, మార్చెయ్యండి. మర్మస్థానం దగ్గరయితే కత్తెరతో పొట్టి చేసుకుంటే చాలు, బ్లేడు అక్కరలేదు. చక్కెర జబ్బున్నవాళ్లు అన్ని చోట్లా జాగ్రత్తగా వుండాలి, వాళ్ల గాయం తొందరగా మానదు.

ఒకరి బ్లేడు ఒకరు వాడవద్దు. అక్కాచెల్లెళ్లయినా, ఆలుమగలైనా సరే. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కూడా కనీసం ఏడు రోజులు బతికి వుండగలదు. కంటికి కనబడని నెత్తురు చుక్క చాలు దానికి. వేములవాడ రాజన్నకు తలనీలాలిచ్చేటప్పుడు "కొత్త బ్లేడు వెయ్యి నాయనా" అని గట్టిగా అడిగే తల్లులే, ఇంటికొచ్చి మొగుడు వాడిన బ్లేడు ఎందుకు తీస్తారో నాకర్థం కాదు.

ఉత్తరాలలో ఎక్కువగా వచ్చే ప్రశ్న, గీస్తే జుట్టు ఒత్తుగా వస్తుందా అని. రాదు. 1928లో అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూసి, గీయడం వల్ల తేడా రాదని తేల్చింది. వెంట్రుక మొన సన్నగా వుంటుంది. కోస్తే మొద్దుగా తగులుతుంది. అందువల్ల గరుకనిపిస్తుంది, అంతే. గడ్డం మీద నాలుగు వెంట్రుకలు వచ్చిన అమ్మాయి గీసుకుంటే పాపం లేదు. అయితే అవి ముదురుగా పెరుగుతూ, నెలసరి కూడా తప్పుతూ వుంటే బ్లేడు గురించి కాదు, ఆ నెలసరి గురించి డాక్టరును అడగాలి. గొంతు మారుతున్నట్టుంటే అసలు ఆలస్యం చేయకూడదు.

ఈ సిగ్గు ఖరీదు గడ్డతో పోతే నేనింత రాయను. కొన్నేళ్ల కింద ఒక టీచరమ్మ వచ్చింది. చంకలో గోలీ అంత బిళ్ల, నొప్పి లేదు. "బ్లేడు పెట్టినందుకే లేచిందనుకుని ఊరుకున్నా మేడం" అంది. ఎన్నాళ్లుగా? దసరా సెలవుల నుంచి. ఆమె వచ్చింది ఉగాది తరువాత. పరీక్ష చేస్తే రొమ్ములో గట్టిగా మరొకటి దొరికింది. హైదరాబాదు పంపించాను, వైద్యం జరిగింది, ఇప్పుడు బడికి వెళుతోంది. కానీ ఆ ఆరు నెలలు ఆమెకు ఎవరు తిరిగి ఇస్తారు? బ్లేడు గడ్డ ఎర్రగా, వేడిగా, నొప్పిగా వుంటుంది, మందులతో వారం పది రోజుల్లో దారికి వస్తుంది. నొప్పి లేకుండా, గట్టిగా, రెండు వారాలైనా కదలని బిళ్లను చూపించుకోవాలి. రెండు చంకల్లోనూ మళ్లీ మళ్లీ గడ్డలు లేస్తుంటే అదీ వేరే జబ్బు కావచ్చు. బ్లేడు పెట్టిన సంగతి చెప్పడానికి సిగ్గుపడి అసలు ఆస్పత్రికే రాకుండా వుండకండి.

మరిచిపోయాను, వాడిన బ్లేడు చెత్తబుట్టలో వేయకండి. చెత్త ఏరే తల్లుల చేతులకు నేను కుట్లు వేస్తుంటాను. మూతకు సన్నని చీలిక పెట్టిన రేకు డబ్బా ఒకటి వుంచి అందులో వేస్తూ పోతే ఏళ్లు పడుతుంది నిండడానికి.

యైటింక్లయిన్ అమ్మాయి నాలుగో రోజు కట్టు మార్పించుకోవడానికి వచ్చింది. మొదటి షిఫ్టు దిగి భర్త కూడా వచ్చాడు. నుదుటి మీద నీలం గీతలు నిజంగానే వున్నాయి. కట్టు అయిపోయాక ఆమెను బయట కూర్చోబెట్టి, తలుపు దగ్గరే నిలబడి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ కంపెనీది తెమ్మంటరు మేడం?"

"నన్నెందుకడుగుతవయ్యా? లక్ష్మీనగర్ దాకా ఆమెనే తీస్కపో" అన్నాను.