పదమూడో ఎక్కం

మా వాడు మూడో తరగతి చదివేటప్పుడు, దసరా సెలవులకి ముందురోజు వాళ్ళ క్లాస్‌టీచర్‌కి చీర పెట్టాను. నరసరావుపేటలో తెలిసినవాళ్ళ కొట్లో 3,200 రూపాయలు పెట్టి కొన్న చీర. స్టీలు పళ్ళెంలో చీర, జాకెట్టు ముక్క, తమలపాకులు, అరటిపళ్ళు, పసుపు, కుంకుమ సర్దుకుని, ఇంటిబెల్లు కొట్టక ముందే బడికి వెళ్ళాను. పిల్లలంతా చూస్తుండగా ఆమె చేతిలో పెట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా వాడు మాత్రం బల్ల కింద పెన్సిల్ పడిపోయిందని వంగి వెతుక్కుంటున్నాడు. ఎంతసేపటికీ తల పైకెత్తలేదు. ఆ రోజు నేను దాన్ని పట్టించుకోలేదు.

గురువుగారి మీద గౌరవంతో పెడుతున్నానని ఇంట్లో చెప్పాను. నిజం అది కాదు. మా వాడికి లెక్కలంటే భయం. పదో ఎక్కం దాటితే నోరు పెగలదు. వెనక బెంచీలో కూర్చోబెట్టారు. టీచర్‌కి మా ముఖం గుర్తుంటే వాణ్ణి కాస్త ముందుకి తెస్తుందని, వాడి నోటుపుస్తకం ఇంకాస్త శ్రద్ధగా చూస్తుందని నా ఆశ. పళ్ళెంలో పైకి కనిపించింది చీర. దాని కింద నేను పెట్టింది అర్జీ.

సెలవులకి వాణ్ణి గురజాల దగ్గర మా అత్తగారి ఊరికి పంపాం. మా మావయ్య పొద్దున్నే మిరప చేనుకి వెళ్తూ వీణ్ణి వెంటబెట్టుకుపోయేవారు. గట్టు మీద నడుస్తూ రోజుకో ఎక్కం చెప్పించారట. పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయేవాడట. తొంభై ఒకటి అన్న మాట నాలుక మీదికి రావడానికి నాలుగు రోజులు పట్టిందట. ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

బడి తెరిచాక టీచర్ ఎక్కాలు అడిగితే వీడు లేచి, పదమూడో ఎక్కం ఎక్కడా ఆగకుండా అప్పజెప్పాడు. ఆమె సంతోషపడి వాణ్ణి క్లాస్ లీడర్ని చేశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, సంచీ కూడా దించకుండా, "అమ్మా, నాకు లీడర్ వద్దని టీచర్‌కి చెప్పవా?" అన్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. రెండు రోజులు బతిమాలితే చెప్పాడు. పక్కనున్న పిల్లాడు అన్నాడట: "వాళ్ళమ్మ చీర పెట్టిందిగా, అందుకే."

పిల్లలు అలాగే అంటారులే అని సర్దిచెప్పాను. నాలుగు రోజులు కష్టపడి వాడు సంపాదించుకున్నదాన్ని నా చీర లాగేసుకుందని అప్పటికి నాకు తట్టలేదు.

సంక్రాంతి వచ్చింది. సెలవులకి ముందురోజు క్లాసు గుమ్మం దగ్గర తల్లులు బారుతీరారు. రెండు చీరలు, ఒక వెండి కుంకుమ భరిణె, జీడిపప్పు డబ్బాలు, గాజుబొమ్మలు. వాట్సాప్ గ్రూపులో ఫోటోలు వచ్చాయి. వాటికింద దండాల బొమ్మలు. ఆ రోజు క్లాసులో నలుగురు పిల్లలు బడికి రాలేదు. వాళ్ళలో ఒక అమ్మాయి నాన్న పత్తి మిల్లులో హమాలీ. జ్వరమని చెప్పించింది.

పండగ అయ్యాక టీచర్ ఫోన్ చేసి, వీలుచూసుకుని ఒకసారి రమ్మన్నారు. వెళ్ళేసరికి చీర బల్ల మీద ఉంది. మడత విప్పలేదు.

"తిరిగిస్తే మీరు నొచ్చుకుంటారని మూడు నెలలు ఊరుకున్నానమ్మా. ఊరుకోవడం నా తప్పు" అన్నారు. కాసేపు ఆగి మళ్ళీ ఆమే చెప్పారు. "మొన్న పిల్లలకి పల్నాటి కథ చెప్పాను. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని చెప్తుంటే, సంక్రాంతి ముందు రాకుండా ఆగిపోయిన ఆ పిల్ల లేచింది. ఆ చాప మీదికి రావాలంటే ఏమన్నా తేవాలా టీచర్ అని అడిగింది. దానికి నేనేం చెప్పాలో మీరే చెప్పండి."

నేనేం చెప్పలేదు. ఆమె నా నుదుట బొట్టు పెట్టి, ఆ చీరే నా చేతిలో పెట్టారు. దారంతా కోపంగానే ఉన్నాను. పెట్టిన చీర తిప్పి పంపడం మర్యాద కాదనుకున్నాను. ఎవరూ చేయనిది నేను చేశానా అనుకున్నాను. నిజానికి ఆ క్లాసులో అంతకుముందు ఎవరూ చేయలేదు. ఆ వరస మొదలుపెట్టింది నేనే. ఈ మాట నాలో నేను ఒప్పుకోవడానికి వారం పట్టింది.

ఆ ఆదివారం ఊరెళ్ళినప్పుడు మావయ్యకి జరిగింది చెప్పాను. ఆయన మందలించలేదు. తన చిన్నప్పటి దసరా చెప్పారు.

"మా పంతులుగారికి సర్కారు జీతం ఏడదమ్మాయ్? వీధిబడి. దసరాకే ఆయన నాలుగు డబ్బులు కళ్ళజూసేది" అని మొదలుపెట్టారు. నవరాత్రుల్లో పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని, రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని, పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. బాణాల్లో పూలరేకులు, బుక్కా నింపి ఇంటివాళ్ళ మీద చల్లేవాళ్ళు. దసరా పద్యాలు పాడి పంతులుగారికి కానుక, పిల్లలకి పప్పుబెల్లాలు అడిగేవాళ్ళు. ఉన్నవాళ్ళు రూపాయో అర్ధో ఇస్తే, లేనివాళ్ళు గింజలు పోసేవాళ్ళు. తెలుగునాట చాలా ఊళ్ళలో దసరా అంటే బడిపంతులి పండగ కూడా.

"ఎవరు ఎంత ఇచ్చారో పిల్లలకి తెలిసేదా మావయ్యా?" అని అడిగాను.

"ఎందుకు తెలవదు? ఎదురుగానే గదా ఇచ్చేది. అయితే ఏంది? పప్పుబెల్లాలు పంచేటప్పుడు షావుకారు కొడుక్కి ఎంతో నాకూ అంతే" అన్నారు.

ఆ రోజుల్ని బంగారంగా చెప్పుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ వీధిబళ్ళలోకి ఆడపిల్లలు వెళ్ళడం తక్కువ. ఊరి చివరి పిల్లలకి గుమ్మమే దాటనిచ్చేవాళ్ళు కాదు. 1895లో మన వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా చదువుకునే రోజుల్లోనే అంటరానితనం చవిచూశారు. ఆ తర్వాత ఆయనే పిల్లలకి పాఠాలు చెప్పారు. బడిలో ఒక పిల్లణ్ణో పిల్లనో వేరుగా నిలబెట్టడం అంటే ఏమిటో ఈ నేలకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ దసరా పద్ధతిలో ఒక్క సంగతి నా మనసుకి పట్టింది. కానుక ఊరు ఇచ్చేది, బడి మొత్తం కలిసి తెచ్చేది. ఫలానా పిల్లాడి తల్లి ఇచ్చిందన్న గుర్తు పంతులుగారి చేతిలో మిగిలేది కాదు. నేను సరిగ్గా ఆ గుర్తు మిగలాలనే ఇచ్చాను.

అప్పటినుంచి కానుక ఇవ్వాలనిపించినప్పుడల్లా ముందు నన్ను నేను ఒకటి అడుగుతున్నాను. నేనిచ్చానని పుచ్చుకునేవాళ్ళకి ఎప్పటికీ తెలియకపోయినా ఇస్తానా? ఇవ్వననిపిస్తే అది కానుక కాదు.

ఇంకొన్ని సంగతులు కూడా నెమ్మదిగా తెలిశాయి. రెండేళ్ళుగా మా వాడికి చదువు చెప్తున్న మనిషి గురించి నాకేమీ తెలియదు. చార్టులు, రంగు స్కెచ్‌లు, పిల్లల పుస్తకాలు దిద్దే ఎర్ర పెన్నులు ఆమె సొంత డబ్బులతో కొంటారని బడిలో పనిచేసే ఆయమ్మ చెప్తే తెలిసింది. రోజంతా మాట్లాడి మాట్లాడి సాయంత్రానికి గొంతు బొంగురుపోతుందని, వేణ్ణీళ్ళ సీసా వెంట తెచ్చుకుంటారని కూడా ఆమే చెప్పింది. ఇవ్వదలిచినవాళ్ళు అడగాల్సింది ఇలాంటివాళ్ళనే. బట్టలు, బంగారం, వెండి జోలికి పోకూడదు. అవి పుచ్చుకున్నవాళ్ళ మీద బరువు వేస్తాయి. మిఠాయిలు పెట్టేముందు వాళ్ళకి షుగరుందేమో తెలుసుకోవాలి. పసుపు కుంకుమలు పెట్టేముందు అవి వాళ్ళ ఇంటి ఆచారమో కాదో కనుక్కోవాలి. అది నేను కనుక్కోలేదు. టీచర్ ప్రభుత్వ ఉద్యోగి అయితే మరో సంగతి కూడా ఉంది. 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు కానుకలకి హద్దులు పెట్టాయి. ఖరీదైనది పట్టుకెళ్తే మనం గౌరవించినట్టు కాదు, ఇరుకున పెట్టినట్టు. సెలవులకి ముందు గుర్తుచేసుకోవాల్సింది టీచర్ ఒక్కరినే కాదు. గదులు ఊడ్చే ఆయమ్మ ఉంది, పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకుని జాగ్రత్తగా దించే ఆటో ఆయన ఉన్నాడు.

ఏప్రిల్‌లో వేసవి సెలవుల ముందు, వాట్సాప్ గ్రూపులో నేనే రాశాను. ఈ వరస మొదలుపెట్టింది నేనని, తప్పయిందని, ఈసారి ఎవరూ విడిగా ఏమీ తేవద్దని. పంపేముందు చాలాసేపు వేలు వణికింది. ఇద్దరు తల్లులకి కోపం వచ్చింది. మిగతావాళ్ళు సరేనన్నారు. ఆయమ్మ దగ్గర ఒక డబ్బా పెట్టించాం. వేయగలిగినవాళ్ళు తోచింది వేస్తారు, ఎవరు వేశారో ఎంత వేశారో రాయడం లేదు. ఆ డబ్బుతో క్లాసుకి కథల పుస్తకాలు, ఒక భారతదేశం పటం, ఎర్ర పెన్నుల పెట్టె కొన్నాం. చివర్లో ఒక మామూలు తెల్లకాగితాల పుస్తకం కొని పిల్లలకిచ్చాం. ఒక్కొక్కరికి ఒక్క పేజీ. ఈ ఏడాది టీచర్ దగ్గర నేర్చుకున్నది ఒకటి, పెద్దవాళ్ళ సాయం లేకుండా సొంతంగా రాయాలి.

పుస్తకం ఇంటింటికీ తిరిగి చివరికి మా ఇంటికొచ్చింది. చదవకూడదనుకుంటూనే చదివాను. హమాలీ కూతురు చాప బొమ్మ వేసింది. దాని మీద క్లాసు పిల్లలందరూ, మధ్యలో టీచర్. కింద మాటలేమీ రాయలేదు.

మా వాడి పేజీలో ఒక్కటే వాక్యం ఉంది. "పదమూడో ఎక్కం నేనే నేర్చుకున్నానని మీకు తెలుసు కదా టీచర్."

ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆరు నెలలు ఆ మాట లోపల పెట్టుకుని తిరిగాడు వాడు. అడగాలనుకున్నది టీచర్‌నే అయినా, జవాబు చెప్పుకోవాల్సింది నేను. వాణ్ణి లేపి, "తప్పు నాదిరా నాయనా, లీడర్ నువ్వు సంపాదించుకున్నదే" అని చెప్పాను. నిద్రమత్తులో తలూపి పడుకున్నాడు.

టీచర్ ఆ పుస్తకాన్ని రెండు రోజులు తన దగ్గర ఉంచుకుని, ప్రతి పేజీ ఫోటో తీసి ఆయా పిల్లల ఇళ్ళకి పంపారు. అన్ని పేజీల్లోనూ ఎర్ర పెన్నుతో ఏదో ఒకటి రాశారు. మా వాడి వాక్యం కింద ఇలా ఉంది: "తెలుసు. ఏడు దగ్గర ఊపిరి బిగబట్టి, తొంభై ఒకటి అన్నాక వదిలావు. చూశాను."

చీర నా బీరువాలో అలాగే ఉంది. మడత నేనూ విప్పలేదు.