బొగ్గు ఓడల కుర్రాడు

జేమ్స్ కుక్ అనగానే అందరూ పసిఫిక్ యాత్రల గురించే చెప్తారు. నాకు మాత్రం 1755 దగ్గరే మనసు ఆగిపోతుంది. యార్క్‌షైర్‌లో ఒక వ్యవసాయ కూలీ కొడుకు. తండ్రి పనిచేసే ఆసామి డబ్బు కడితే బడికెళ్లాడు. కొన్నాళ్లు కొట్లో పని, ఆ తర్వాత విట్బీ బొగ్గు ఓడల మీద అప్రెంటిస్. 1755లో, ఇరవై ఆరేళ్లప్పుడు, యజమాని ఒక ఓడనే చేతికిస్తానన్నాడు. అది వద్దనుకుని రాయల్ నేవీలో మామూలు నావికుడిగా చేరాడు! పెద్దింటి అండ లేనివాళ్లు ఆఫీసర్ కావడం అరుదైన రోజులవి. ఎంత గుండె ధైర్యం ఉండాలి!

రెండేళ్లలో ఓడ నడిపే మాస్టర్ పరీక్ష పాసయ్యాడు. సర్వే, గణితం, ఖగోళం అన్నీ పని చేస్తూనే నేర్చుకున్నాడు. న్యూఫౌండ్‌లాండ్ తీరానికి ఆయన గీసిన పటాలు తర్వాతి తరాల నావికులకూ పనికొచ్చాయి. 1768లో లెఫ్టినెంట్‌ని చేసి, పసిఫిక్ యాత్రకు ఎండీవర్ ఓడను అప్పగించారు. అదీ విట్బీలో కట్టిన బొగ్గు ఓడే. అలాంటి ఓడల గుణం ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

అలాంటి ఒక యాత్రలోనే, 1779లో హవాయిలో, దొంగతనానికి గురైన ఒక పడవ కోసం అక్కడి రాజునే బందీగా పట్టుకోబోయి, ఆ గొడవలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయనంటే ఎంత గౌరవమున్నా ఆ పని ముమ్మాటికీ తప్పే. పిల్లలకు ఆయన కథ చెప్తే ఆ ముక్క దాచకుండానే చెప్తాను.