ఎన్నో ముద్రణ?

పుస్తకాలలో రెండు జాతులున్నాయి. ఒకటి నిఘంటువు జాతి, రెండోది పంచాంగం జాతి. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం 1885లో అచ్చయింది. ఈనాటికీ దాన్ని తెరిచి మాటకు అర్థం చూసుకోవచ్చు. పంచాంగం సంగతి అలా కాదు. ఉగాది వెళ్లాక పాత పంచాంగం చూసి ముహూర్తం పెట్టిన పురోహితుణ్ణి ఏ పెళ్లివారూ క్షమించరు. చిక్కల్లా ఏమిటంటే, వెబ్ పేజీలు తయారుచేసే కంప్యూటరు భాషల పుస్తకాలు చూడడానికి నిఘంటువుల్లా లావుగా ఉంటాయి. ఆయుర్దాయం మాత్రం పంచాంగానిది.

మా మేనల్లుడు పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. పల్లెటూళ్లో తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడు. ఒక ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్‌లో, పేవ్‌మెంటు మీద పి.హెచ్.పి. పుస్తకమొకటి బేరమాడి కొన్నాడు. వారం రోజులు రాత్రిళ్లు మేలుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. కంప్యూటరేమో "అలాంటి ఫంక్షన్ లేదు పొమ్మంది."

"మామయ్యా, ఈ చదువు నా బుర్రకెక్కదేమో. మానేసి ఊరికి వెళ్లిపోతాను," అన్నాడు నా దగ్గరకు వచ్చి.

"అది ఎన్నో ముద్రణరా?" అన్నాను.

"అదికూడా చూడాలా?" అన్నాడు.

తిరగేస్తే 2003 నాటిది. డేటాబేసును ప్రశ్నించడానికి అందులో నేర్పిన 'మైఎస్‌క్యూఎల్ క్వెరీ' అనే ఫంక్షన్‌కు 2013లో, 5.5 వచ్చినప్పుడే నోటీసు ఇచ్చారు. 2015 డిసెంబరులో 7.0 వచ్చేసరికి పూర్తిగా తీసేశారు. పిల్లవాడి బుర్రకు ఏ లోపమూ లేదు. పుస్తకమూ అబద్ధం చెప్పలేదు. అచ్చయిన నాటికి అంతా నిజమే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆ రోజుల్లో చాలా పుస్తకాలు, వచ్చినవాడు గడిలో నింపిన మాటను తిన్నగా ప్రశ్నలో అతికించమనేవి. అలా అతికిస్తే, దుర్బుద్ధి గలవాడు పేరు రాయవలసిన చోట ఆజ్ఞ ముక్క రాసి, పక్కవాడి వివరాలు లాగెయ్యగలడు. ఇప్పటి పద్ధతి ప్రశ్నను వేరుగా, నింపిన మాటను వేరుగా పంపడం.

దీనికి తలకిందుల కథ కూడా ఉంది. పి.హెచ్.పి. 6 వస్తున్నదని నమ్మి, కొందరు ఆ పేరుతో ముందే పుస్తకాలు వేసేశారు. 2010లో ఆ ప్రయత్నం మానుకున్నారు. 5 తరవాత ఏకంగా 7 వచ్చింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

తెలివిగా నడుచుకున్నవాళ్లూ లేకపోలేదు. డేవిడ్ ఫ్లానగన్ జావాస్క్రిప్ట్ పుస్తకానికి అట్టమీద ఖడ్గమృగం బొమ్మ ఉంటుంది. మొదటి ముద్రణ 1996లో వచ్చింది. 2011 నాటి ఆరో ముద్రణ వెయ్యి పేజీలు దాటింది. 2020లో వచ్చిన ఏడోది ఏడువందల పైచిలుకే. భాష పెరిగింది, పుస్తకం చిక్కింది! ఫంక్షన్ల జాబితా ఇంటర్నెట్టులో ఎప్పటికప్పుడు దొరుకుతున్నది గనక, దాన్ని వదిలేసి వివరణే ఉంచాడాయన. మంచి పనే చేశాడు. 2015 నుంచి ఆ భాషకు ఏటా కొత్త ప్రమాణం వస్తున్నది మరి.

కాబట్టి కొనేవారికి నాదొక మనవి. వెల అడిగేముందు మొదటి పేజీ తిప్పి సంవత్సరం చూడండి. కళాశాల గ్రంథాలయాలవారు పుస్తకాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేటప్పుడు, అవి ఏనాటివో కూడా చూస్తే పుణ్యముంటుంది. పాత పుస్తకం పట్టుకున్న పిల్లవాడు పుస్తకాన్ని అనుమానించడు, తన్నుతానే అనుమానించుకుంటాడు.

మావాడి పుస్తకం పారేయించలేదు నేను. షరతులు, లూపులు చెప్పే మొదటి సగం ఈనాటికీ పనికివస్తుంది. మిగతాదానికి పి.హెచ్.పి. వారి మాన్యువల్ ఇంటర్నెట్టులో ఉచితంగానే దొరుకుతుంది. వాడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాడిప్పుడు. ఊరి ప్రయాణం మాట ఎత్తడం లేదు. పుస్తకం అట్టమీద మాత్రం ఎర్ర సిరాతో, పెద్ద అంకెలు వేసుకున్నాడు: 2003.