సైకిలూ, పంటూ, కృష్ణమ్మ లంకలూ

సెలవులు వస్తున్నాయంటే చాలు, ఇంట్లో పిల్లలు ఫోను తెరిచి గ్రీసు దీవులనీ, మాల్దీవులనీ, అండమాన్లనీ చూపిస్తారు కదండీ. ఒక దీవి నుంచి ఇంకో దీవికి పడవ, పడవ దిగితే సైకిలు, సైకిలు దిగితే సముద్రం. బాగానే ఉంటాయి, కాదనను. కానీ మన చీరాల దగ్గర వాడరేవు ఒడ్డున సముద్రం వైపు తిరిగి నిలబడి ఒక్కసారి ఎడమచేతి వైపు చూడండి. ఆ తీరం అలా సూర్యలంక, నిజాంపట్నం దాటి, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి వెళ్లి ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ఆ ముక్కలే మన దీవులు. వాటిని చూడటానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, కారు అంతకంటే అక్కర్లేదు. ఆర్టీసీ బస్సు, పాసింజరు రైలు, మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు, ఒక సైకిలు ఉంటే చాలు.

సైకిలు గురించి ముందే చెప్పేస్తాను. గేర్లున్న ఖరీదైన బండి కోసం చూడకండి. డెల్టాలో ఎత్తుపల్లాలు లేవు. ఉన్న ఎత్తల్లా కాలువ వంతెనలూ, కరకట్టా. రైల్లో తీసుకెళ్లాలంటే స్టేషన్లో లగేజీగా బుక్ చేయించాలి. అది అన్ని చోట్లా వీలుపడదు కాబట్టి మడతపెట్టే సైకిలైతే హాయి. అదీ లేకపోతే రేపల్లె వైపు చుట్టాలింట్లో మూలన పడున్న సైకిలు ఒకటి తప్పకుండా ఉంటుంది. గాలి కొట్టించి, చైనుకి నూనె వేయించి, బ్రేకు రబ్బర్లు మార్పిస్తే అదే మీ వాహనం.

వాడరేవులో పొద్దున్నే బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి ఉండండి. వలల్లోంచి చేపలు విడదీస్తుంటే, వేలంపాట అక్కడే ఇసుకలో నడుస్తుంటుంది. అక్కణ్ణుంచి చీరాల ఏడు కిలోమీటర్ల లోపే. చీరాలలో రైలెక్కితే బాపట్ల, నిడుబ్రోలు మీదుగా తెనాలి. తెనాలిలో బెల్లం జిలేబీ తినకుండా బండి మారకండి. అక్కడ రేపల్లె పాసింజరు ఎక్కాలి.

ఈ రేపల్లె లైను మీద నాకు చెప్పలేనంత ప్రేమ. 1916లో పడింది. తెనాలి నుంచి 34 కిలోమీటర్లు వెళ్లి రేపల్లెలో ఆగిపోతుంది. అవతల కృష్ణ, మరి పట్టాలు లేవు. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన. ఊళ్ల పేర్లు చదువుకుంటూ కూర్చోవచ్చు. సంక్రాంతి రోజుల్లో అయితే వరి కోసేసిన మాగాణుల్లో మినుము పచ్చగా లేచి, కిటికీకి రెండు వైపులా అదే కనిపిస్తుంది.

వేమూరులో దిగి కొల్లూరు దారి పట్టండి. కొల్లూరు దాటాక కరకట్ట ఎక్కుతారు. ప్రయాణం మొత్తంలో నాకిష్టమైన చోటు ఇదేనండీ. రేపల్లె వైపు సైకిలు తొక్కుతుంటే కుడిచేతి వైపు మాగాణులూ కాలువలూ, ఎడమచేతి వైపు లంకలు. కట్ట మీద నుంచి చూస్తే ఇటు నేల రంగు వేరు, అటు నేల రంగు వేరు. అటు ఉన్నది ఏటేటా కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. అందులో అరటి, పసుపు, కంద. పోతార్లంక, పెసర్లంక, గాజుల్లంక, చింతర్లంక లాంటి ఊళ్లన్నీ ఆ ఒండ్రు మీదే పుట్టాయి. మాఘ ఫాల్గుణాల్లో వెళ్తే పసుపు ఉడకబెట్టడం చూస్తారు. పెద్ద కడాయిల్లో కొమ్ములు ఉడుకుతుంటే ఆ ఆవిరి వాసన కట్ట మీద దాకా వస్తుంది. ఉడికినవి కల్లంలో పరిచి ఎండబెట్టి, ఇనుప డ్రమ్ములో వేసి తిప్పుతారు. పైపొట్టు రాలిపోయి, మట్టి రంగులో లోపలికి వెళ్లిన కొమ్ము పచ్చగా మెరుస్తూ బయటికొస్తుంది. తిప్పేవాళ్ల కనుబొమ్మలు కూడా పచ్చబడి ఉంటాయి. అక్కణ్ణుంచి సరుకు దుగ్గిరాల యార్డుకి పోతుంది.

ఈ లంకల అందం చెబుతూ వరద సంగతి చెప్పకపోతే తప్పు. 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరు మొదటివారంలోనూ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదలాల్సి వచ్చింది. ఆ నీళ్లన్నీ ఈ అరటితోటల మీదుగానే వెళ్లాయి. అప్పుడు లంకలు నిజంగానే దీవులైపోయాయి. మీకు గెల కోసి చక్కెరకేళి చేతిలో పెట్టే రైతు ఆ రెండు వరదలూ చూసినవాడే అయి ఉంటాడు. డబ్బులిస్తానంటే వద్దంటాడు. కాసేపు కూర్చుని ఆయన చెప్పేది వినండి.

దారిలో భట్టిప్రోలు స్తూపం దగ్గర ఒక గంట ఆగండి. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వించినప్పుడు బుద్ధుడి ధాతువులున్న పేటికలు బయటపడ్డాయి. వాటి మీద చెక్కిన అక్షరాలకే భట్టిప్రోలు లిపి అని పేరొచ్చింది. మన అక్షరాల పూర్వీకుల్ని వెతికే పండితులు ఈ ఊరి పేరు తలవకుండా ముందుకు పోలేరు.

పెనుమూడి చేరారా? ఇక కృష్ణ దాటాలి. 2006లో పెనుమూడి-పులిగడ్డ వారధి రాకముందు ఇక్కడ పడవలే దిక్కు. ఇప్పుడు వంతెన మీద, గాలి ఎదురుకొడుతుంటే, నెమ్మదిగా తొక్కుకుంటూ పోవచ్చు. వంతెన దిగితే దివిసీమ. కృష్ణ పులిగడ్డ దగ్గర పాయలై, ఆ పాయల మధ్య దివిని వదిలి సముద్రంలో కలుస్తుంది. అంటే మీరప్పుడే ఒక పెద్ద దీవిలో ఉన్నారన్నమాట. అవనిగడ్డలో రాత్రి ఉండొచ్చు. కాళ్లు నొప్పులనిపిస్తే నాగాయలంక దాకా బస్సు ఎక్కేయండి, పట్టుదల ఏమీ అక్కర్లేదు. ఈ దారిలో చెరువుగట్ల మీద రొయ్యల ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటాయి. ఊరూరా స్తంభాల మీద లేచిన తుఫాను షెల్టర్లు కనిపిస్తాయి. 1977 నవంబరు 19న ఉప్పెన ఈ సీమను తుడిచిపెట్టుకుపోయింది. వేల మంది పోయారు. పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. అడగకపోయినా కొందరు చెబుతారు.

నాగాయలంక దాటి ఏటిమొగ రేవుకి వెళ్తే ఎదురుమొండి పంటు. మోటారు సైకిళ్లు, పాలక్యాన్లు, గడ్డిమోపులు, గ్యాసు బండలు, పుస్తకాల సంచులతో పిల్లలు, అన్నిటి మధ్యా మీ సైకిలు. "బాబాయ్, సైకిలు ఇటు పెట్టెయ్, జారకుండా ఆ తాడు చుట్టెయ్" అంటాడు పంటు కుర్రాడు. ఆవలి ఒడ్డున ఎదురుమొండి, గొల్లమంద, బ్రహ్మయ్యగారి మూల, అలా ఊళ్లు. ఇంకా సముద్రం వైపు ఈలచెట్లదిబ్బ, దానికి మళ్లీ వేరే పడవ. చుట్టూ మడ అడవులు. చేపలు పట్టుకుని బతికే బావురుపిల్లి అనే అడవిపిల్లి వీటిలోనే ఉంటుంది. అది మనకి కనపడటం అరుదు. బురదలో దాని అడుగుల గుర్తులు కనిపించినా అదృష్టమే.

ఇక్కడ ఒక మాట మనసులో పెట్టుకోండి. పంటు మనకి సరదా. ఎదురుమొండి వాళ్లకి అది రోజూ బతుకు. అర్ధరాత్రి పురిటినొప్పులొస్తే పంటు కోసమే చూడాలి. గాలి ముదిరితే పంటు ఆగిపోతుంది. వంతెన కావాలని వాళ్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. వంతెన వస్తే దీవి అందం పోతుందని బాధపడే యాత్రికుల్ని నేను చూశాను. ఆ బాధ న్యాయం కాదు. వంతెన రావాలి, తొందరగా రావాలి. అప్పుడూ సైకిలు మీద వెళ్లొచ్చు.

తిరుగుదారిలో రేపల్లె నుంచి నిజాంపట్నం వైపు తిరగండి. ఇప్పుడు చేపల హార్బరు. ఒకప్పుడు ఇదే పెదపల్లి, డచ్చివాళ్లు 1606లో, ఇంగ్లీషువాళ్లు 1611లో దిగిన రేవు. అలాగే వాడరేవుకి దక్షిణాన మోటుపల్లి. ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే దాన్ని లాక్కోబోమని 1244లో గణపతిదేవుడు పరదేశి వర్తకులకి అభయశాసనం ఇచ్చిన చోటు. ఈ తీరానికి కొత్తవాళ్లు కొత్త కాదు.

అధికారులకి నాదొక విన్నపం. కేరళలో అలప్పుళ జెట్టీల దగ్గర ప్రభుత్వ పడవల వేళలు బోర్డు మీద రాసి ఉంటాయి. మన రేవుల్లోనూ ఆ వేళలు తెలుగులో రాసిన బోర్డు ఒక్కటి పెట్టించండి. ఊరివాళ్లకీ, కొత్తగా వచ్చేవాళ్లకీ మేలు.

మీరు వెళ్తానంటే మాత్రం డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నవంబరులో తుఫానులు, మే నెలలో ఎండ. మిచాంగ్ తుఫాను 2023లో బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న, కాబట్టి బయల్దేరే ముందు వాతావరణ కబురు వినండి. నీళ్ల సీసా, టోపీ, పంక్చరు సామాను పెట్టుకోండి. ఎదురుమొండిలో దిగగానే చేయాల్సిన మొదటి పని, ఆఖరి పంటు ఎన్నింటికో అడగడం.