మైపాడు తీరాన మా పరుగు

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలంటారు. ఆ భాగ్యాన్ని ఆశించి నెల్లూరు ఎ.సి.సుబ్బారెడ్డి స్టేడియంలో తెల్లవారుజామున పరుగెత్తేవారిలో మేమూ చేరాము. అధ్యాపకవృత్తిలో నిలబడి మాట్లాడటం, కూర్చుండి పేపర్లు దిద్దటం తప్ప శరీరానికి వేరే శ్రమ లేదు. ముప్పయ్యేళ్ళు దాటగానే మెట్లెక్కితే ఆయాసం రాసాగింది. కనుక మా పరుగు మొదట కేవలం స్వార్థమే.

ఆ స్వార్థంలో కాస్త పరార్థం కలపాలన్న ఆలోచన మా బృందంలోని యువకులది. 2016లో స్వీడన్ దేశంలో ఎరిక్ ఆల్‌స్ట్రోమ్ అనే ఆయన పరుగెత్తుతూ దారిలోని చెత్తను ఏరే పద్ధతికి శ్రీకారం చుట్టాడు. ఏరటం, పరుగెత్తటం అనే అర్థాలు గల రెండు మాటలు అతికి దానికి 'ప్లాగింగ్' అని పేరు వచ్చింది. అంతకు ఒక ఏడు ముందే ముంబయిలో అఫ్రోజ్ షా అనే న్యాయవాది వెర్సోవా సముద్రతీరాన్ని శుభ్రం చేయ పూనుకోగా, క్రమంగా వేలాది మంది ఆయనతో చేయి కలిపారు. ఆ స్ఫూర్తితో మేము ఆదివారాలు మైపాడు వెళ్ళసాగాము. నెల్లూరికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, ఇందుకూరుపేట మండలంలో వున్నదా తీరం. పోయేటప్పుడు ఇసుక మీద పరుగు. వచ్చేటప్పుడు చేతిలో గోనెసంచి.

నిజం చెప్పవలెనంటే మొదటి రోజున మాకు సిగ్గు కలిగింది. ఎం.ఏ. పట్టా పుచ్చుకొని, నలుగురి చేత 'సార్' అనిపించుకునే మనిషికి, ఎవరో తిని పారవేసిన పళ్ళెం కోసం నడుము వంగలేదు. విద్యార్థులెవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాము. అప్పుడు మా నానీ గుర్తుకు వచ్చింది. బాటలో ముల్లు కనిపిస్తే ఎంత తొందరలో వున్నా ఆమె ఆగి, తీసి పక్కన వేసేది. అదీ ఒక సదఖాయే, అంటే దానమే, అనేది. ఆమెకు చదువు రాదు. మేము వంగాము.

మా తీరానికి జనవరి మొదలు మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు పెడతాయి. గుడ్లు పొదిగి బయటపడిన పిల్లలు సముద్రం వైపు పాకుతాయి. దారిలో నైలాన్ వలముక్క వుంటే అందులో చిక్కుకుంటాయి. నైలాన్ నూలు వలె కుళ్ళిపోదు. అందుచేత వల కనిపిస్తే వదలరాదని నిర్ణయించుకున్నాము. ఆ ఉత్సాహమే మాచేత తప్పు చేయించింది.

ఒక ఆదివారం, పడవ నీడన సగం ఇసుకలో కూరుకొనివున్న పాత వల కనిపించింది. సంచిలో పట్టకపోతే కత్తితో కోశాము. అంతలో ఒక పట్టపు పెద్దాయన పరుగున వచ్చాడు.

"ఏంది సార్, మా వల కోసేసినారే! బాగుజేసుకుందామని పెట్టుకుంటిమే!"

కోపగించివుంటే మాకు కొంత తేలికగా వుండేది. ఆయన ఇసుకలో కూర్చుండి, తెగినచోటు పొడవునా వేళ్ళతో తడమసాగాడు. మేము తలా కొంత వేసుకొని వల ఖరీదు ఇచ్చాము. ఆయన తీసుకున్నాడు, తీసుకోవటమే న్యాయం. వల లేక వేటకు పోని రోజుల ఖరీదెంతో మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

"పెద్దాయనా, ఏది చెత్తో మాకెట్లా తెలుస్తుంది?" అని మాత్రం అడిగాము.

"అడిగితే తెలస్తది సార్. పడవకాడ వుండేదేదీ చెత్త గాదు. అల తోసకొచ్చింది ఎత్తకపోండి. ఇంక ఆ ప్లేట్లు, గ్లాసులు, సీసాలంటారా, అవి మాయి గాదు, మీయి."

ఆ చివరి మాట మమ్మల్ని చాలాకాలం వదలలేదు. సంచులు విప్పి చూస్తే అది సత్యమే. బిర్యానీ పొట్లాలు, నీళ్ళ సీసాలు అన్నీ పట్నం నుంచి వచ్చినవే. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. అయినా సంచిలో అవీ వున్నాయి. కార్తికస్నానాలకూ, సెలవునాటి వినోదానికీ ఆ తీరానికి వెళ్ళేది మనమే. అంతకు ముందొక ఏడు మా యింటిల్లిపాదీ అక్కడ భోజనం చేసి, పొట్లాలు ఇసుకలోనే వదలివచ్చిన సంగతి ఆనాడు గాని మాకు జ్ఞాపకం రాలేదు.

ఇప్పుడు తీరం చేరగానే మొదట పడవల దగ్గరకు వెళ్ళి, ఏది ఎత్తవచ్చునో అడుగుతాము. ఆ తరువాతనే సంచి తెరుస్తాము. ఆ పెద్దాయన ఒక్కొక్కప్పుడు పలకరిస్తాడు, ఒక్కొక్కప్పుడు పలకరించడు. అందుకు మేము నొచ్చుకోము.

విద్యార్థి మిత్రులారా, వచ్చే ఆదివారం మీరూ రండి. పరుగు రాకపోయినా ఫరవాలేదు, నడవవచ్చు. మాకు కావలసినది మీ కాళ్ళ వేగం కాదు. అక్కడివారిని ఒక మాట అడిగి, ఆ తరువాత వంగటానికి సిద్ధపడితే చాలు.