నీళ్ల ప్లాంటు పెట్టేవాడికీ లైసెన్సు ఉండాలి

బోరు వేసే రిగ్గుకు వాల్టా చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. కరెంటు పనులు చేసే కాంట్రాక్టరుకు లైసెన్సు కావాలి. సీలు వేసిన నీళ్ల సీసా అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు కావాలి. తాగే నీటిని శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు బిగించే నన్ను మాత్రం "ఈ పని నీకు వచ్చా?" అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. పంపు, ఫిల్టర్లు, మెంబ్రేన్లు తెచ్చి బిగించడం నేర్చుకుని కాంట్రాక్టరునైపోయాను. ఎవరూ అడగకపోవడం అప్పట్లో హాయిగానే ఉండేది. దాని ఫలితం ఒక ఊరి జనం అనుభవించారు.

కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ బాధ తరాల నాటిది. అక్కడొక ఊళ్లో ప్లాంటు పెట్టాను. బోరు నీటిని ల్యాబుకు పంపలేదు. పక్క ఊళ్లో పెట్టిన ప్లాంటు లెక్కే ఇక్కడా సరిపోతుందనుకున్నాను. మొదటి రోజు, నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు ముంచితే 60 చూపించింది. అందరూ సంబరపడ్డారు.

కొన్నాళ్లకు సర్పంచిగారు ఫోన్ చేశారు. "ఏం బాబూ, నీళ్లు మరీ చప్పగా ఉన్నాయంటున్నారు జనం. కాస్త చూడరాదూ?" అన్నారు. వెళ్లి మిక్సింగ్ వాల్వు తిప్పాను. అది తెరిస్తే కొన్ని బోరు నీళ్లు మెంబ్రేన్ గుండా పోకుండా నేరుగా శుద్ధి చేసిన నీటిలో కలుస్తాయి. మీటరు 290కి చేరింది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా మంచిదే. రుచి కుదిరిందన్నారు, నేనూ తృప్తిగా వచ్చేశాను.

ఆ తర్వాత ఆ ఊరి బడి పంతులుగారు నీళ్లు పరీక్ష చేయించారు. లీటరుకు 1.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందని తేలింది. అదే ప్రమాణంలో ఫ్లోరైడ్ హద్దు 1. వేరే నీటి వసతి లేని చోట కూడా 1.5 దాటకూడదు. బోరు నీటిలో 6 ఉంది. అమ్మే నీటిలో అయిదో వంతు దాన్నే కలిపేసరికి మెంబ్రేన్ తీసేసినదాన్ని నేను మళ్లీ పోసినట్టయింది. టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందే తప్ప, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. క్రిముల సంగతి అసలే చెప్పదు. ఫ్లోరైడ్ భయంతో క్యానుకు డబ్బులిచ్చి కొనుక్కుంటున్న వాళ్ల చేత ఫ్లోరైడే తాగించాను.

మరో తప్పు ప్లాంటు వెనకాల ఉంది. మెంబ్రేన్ వదిలేసే వేస్టు నీటిలో లవణాలూ ఫ్లోరైడూ మరింత చిక్కబడి ఉంటాయి. ఆ పైపును బోరు పక్క గుంతలోకి వదిలాను. ఆ నీళ్లు ఇంకేది మళ్లీ అదే నేలలోకి.

కాలిఫోర్నియాలో నీటి శుద్ధి పరికరాలు బిగించే కాంట్రాక్టర్లకు సి-55 అనే ప్రత్యేక లైసెన్సు ఉంది. నాలుగేళ్ల పని అనుభవం చూపాలి, పరీక్ష రాయాలి. లైసెన్సంటే ఆఫీసుల చుట్టూ తిప్పే కాగితమని నేనూ విసుక్కున్నవాణ్ణే. కానీ ఫ్లోరైడ్ ఉన్నచోట మిక్సింగ్ వాల్వు తెరవవచ్చా అని నన్నెవరైనా ఒక్కసారి పరీక్షలో అడిగి ఉంటే, జవాబు కోసమైనా చదివేవాణ్ణి. ఆ వాల్వు తిప్పేవాణ్ణి కాదు.

ఇప్పుడు బోరు నీటి ల్యాబు రిపోర్టు చూడనిదే రేటు చెప్పను. ఫ్లోరైడ్ ఉంటే మిక్సింగ్ లైను పెట్టను. రుచి కావాలంటే శుద్ధి చేసిన నీటినే కాల్సైట్ ఫిల్టరు గుండా పంపిస్తాను. వేస్టు నీరు ఎక్కడికి పోతుందో ముందే కాగితం మీద రాసిస్తాను.

మీ ఊళ్లో ప్లాంటు పెట్టడానికి వచ్చినవాడిని రేటు ఎంతని అడిగేముందు బోరు నీటి రిపోర్టు చూపించమనండి. ప్లాంటు నడిచాక శుద్ధి చేసిన నీటి రిపోర్టు గోడకు అంటించమనండి. ప్రభుత్వం మాలాంటివాళ్లకు పరీక్ష పెట్టి లైసెన్సు ఇచ్చే రోజు రావాలి. అది వచ్చేదాకా మమ్మల్ని మీరే అడగాలి.